ఆమేన్ చెప్పడం నేర్పిన తండ్రిగారు

ఆదివారం ఉదయం ఆరాధన మొదలవుతుంది. అయ్యగారు కీర్తనల గ్రంథం తెరిచి ఒక వచనం చదువుతారు. సంఘమంతా నిలబడి తర్వాతి వచనం చదువుతుంది. మళ్లీ అయ్యగారు, మళ్లీ సంఘం. జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా ఆరాధన క్రమం పాటించే ప్రొటెస్టెంటు సంఘాలకు ఇది అలవాటైన ధ్వని. ఉత్తర ప్రత్యుత్తర పఠనమని దీనికి పేరు. పేరు పెద్దదే గాని పని సులువైనది. కాపరి నోట ఒక మాట, ప్రజల నోట ఒక మాట. అంతే!

సిరిసిల్ల వారికి ఈ సంగతి వివరించడానికి పెద్ద వేదాంతం అక్కర్లేదు. మగ్గం మీద నాడె అటు వెళ్లి ఇటు తిరిగి వస్తేనే బట్ట తయారవుతుంది. అటు వెళ్లి అక్కడే ఆగిపోతే పడుగు పడుగుగానే ఉండిపోతుంది. ఆరాధనలో దేవుని వాక్యం కాపరి నోట బయలుదేరుతుంది. ప్రజల నోట జవాబుగా తిరిగి రావాలి. తిరిగి రాకపోతే అక్కడ ప్రసంగం జరిగి ఉండవచ్చు, పాట కచేరీ జరిగి ఉండవచ్చు, సంఘారాధన మాత్రం జరగలేదన్నమాటే.

కాని ఈమధ్య ఆ జవాబు సన్నగిల్లుతోంది. మైకు ముందున్న నలుగురి గొంతు గుడంతా మోగుతుంది. వెనుక వరుసల్లో పెదవులు కదలవు. కొన్ని చోట్ల సమయం చాలదని ఆ భాగాన్నే తీసేస్తున్నారు. ఈ తప్పు మేమూ చేశాం. అది ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు.

సేవకు వచ్చిన తొలి సంవత్సరాల్లో, సెమినరీలో నేర్చుకున్నదంతా ప్రసంగంలో చెప్పేయాలన్న ఆత్రుతలో, ఒక సంఘంలో కొన్ని వారాలపాటు ఉత్తర ప్రత్యుత్తర పఠనాన్ని పక్కన పెట్టాం. పెద్దలెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, బీడీలు చుట్టి బతికే ఒక అవ్వ గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపింది. ఆమెకు చదువు రాదు. వినివిని నేర్చుకున్న ఆ జవాబులే గుడిలో తాను మాట్లాడే మాటలని, వాటిని ఎందుకు ఆపేశారో తెలియడం లేదని, తాను ఏమైనా తప్పు పలికితే అయ్యగారికి కోపం వచ్చిందా అని భయపడుతూ అడిగింది. ఆ క్షణాన మా వేదాంత పట్టా మాకు ఏ జవాబూ అందించలేదు.

ఆ తర్వాతే మేము ఒక మహనీయుని జీవితాన్ని మళ్లీ శ్రద్ధగా చదివాం. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్. దోర్నకల్ ప్రజలకు ఆయన తండ్రిగారు. ఆయన మహా వక్త, సంఘ ఐక్యతా శిల్పి, గొప్ప మిషనరీ అని అందరికీ తెలుసు. అక్షరం రాని లక్షల మంది నోట దేవునికి జవాబు చెప్పించిన కాపరిగా ఆయనను తలచుకునేవారు తక్కువ. ఈ వారం ఆ కోణంలో ఆయన జీవితాన్ని ధ్యానిద్దాం.

ప్రార్థనలో పుట్టిన బిడ్డ

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే చిన్న గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ సంఘ కాపరి. తల్లి ఎల్లెన్. చాలాకాలం ప్రార్థించి కన్న బిడ్డ గనుక, హన్నా తన కుమారునికి పెట్టిన సమూయేలు పేరే ఈ బిడ్డకూ పెట్టారు. తిరునల్వేలి గ్రామ సంఘాలు ఆ రోజుల్లో క్రమమైన ప్రార్థనకు పేరు పొందినవి. పాదిరి ఇంట పుట్టిన పిల్లవానికి ప్రార్థన క్రమంలోని మాటలు ఉగ్గుపాలతో వచ్చినవే. 1889లో తండ్రి చనిపోయారు. అప్పటికి అజరయ్య వయసు 15 ఏళ్లు. తల్లి క్రమశిక్షణే ఆయనకు ఆసరా అయింది.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని, చివరి పరీక్షల వేళ అనారోగ్యం వల్ల గణితం పరీక్ష రాయలేకపోయారు. పట్టా చేతికి రాలేదు. మళ్లీ రాయలేదు కూడా. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది ఈయనకే! పట్టా లేనివాడిని దేవుడు పనికిరానివాడిగా ఎంచడని తన జీవితంలోనే చూసినవాడు, అక్షరం రానివారిని చిన్నచూపు చూడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నారు. ఉన్నత విద్య అభ్యసించిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాతి కాలంలో దోర్నకల్ గ్రామాల స్త్రీల మధ్య ఆమె చేసిన సేవ భర్త సేవకు ఏమాత్రం తీసిపోదు.

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సువార్త సేవ చేయడం చూశారు. మనం విదేశీ మిషనరీల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమేమిటన్న ప్రశ్న ఆయనను కుదిపివేసింది. ఫలితంగా 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడ్డాయి. రెంటి వెనుకా ఆయన ఉన్నారు. దేవుడు పిలిస్తే భారతీయులే భారతీయులకు జవాబుగా లేవాలన్నది ఆయన ఆశ.

పరాయి భాష నేర్చుకున్న కాపరి

తిరునల్వేలి మిషనరీలు నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను సేవా క్షేత్రంగా ఎంచుకున్నారు. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇతరులను వెళ్లమని ప్రోత్సహించిన అజరయ్యను ఒక ప్రశ్న వదల్లేదు. తాను ఎందుకు వెళ్లకూడదు? దేశమంతా పేరున్న ఉద్యోగం వదిలి 1909లో అభిషేకం పొంది దోర్నకల్ చేరారు. అప్పటికి వయసు 35 ఏళ్లు. అక్కడి ప్రజల భాష తెలుగు. ఆయనది తమిళం. నడివయసుకు దగ్గరపడుతూ ఒక కొత్త భాషను నేర్చుకుని, ఆ భాషలోనే ప్రార్థన నడిపించారు, ప్రసంగించారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆరాధనలోని జవాబులను మాటమాటగా నేర్చుకునే పాలేరు కష్టం ఏమిటో ఆ కాపరికి తెలియకుండా ఉంటుందా? తానూ అదే తెలుగును మాటమాటగా నేర్చుకుంటున్నాడు మరి! నేర్పేవాడు తాను నేర్చుకున్న రోజులను మరచిపోకపోతే, నేర్చుకునేవారికి మేలు జరుగుతుంది.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య చేసిన ప్రసంగం సభను కలవరపరచింది. మిషనరీలు చేసిన త్యాగాలకు వందనాలు చెబుతూనే, తమకు దాతలు మాత్రమే కాదు, ప్రేమించే స్నేహితులు కావాలని నిర్మొహమాటంగా చెప్పారు. ఆ మాటల సారాంశం ఏమిటి? ఒకరే మాట్లాడుతూ మరొకరు ఎప్పుడూ వింటూ ఉండే సంబంధం క్రీస్తులో చాలదు. విన్నవారికీ మాట ఉండాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఉత్తర ప్రత్యుత్తరాల వెనుక ఉన్న సత్యం కూడా ఇదేనని మాకు అనిపిస్తుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఆయన పేరును ముందుకు తెచ్చారు. ఒక భారతీయుడు బిషప్ కావడం ఇష్టంలేనివారు తెల్లవారిలోనూ ఉన్నారు, మనవారిలోనూ ఉన్నారు. ఆయన వాదనకు దిగలేదు. ఎద్దుల బండి మీద, సైకిలు మీద పల్లెలకు బయలుదేరారు.

బాంచన్ అన్న నోటితోనే

ఆ పల్లెల్లో ఆయన సంఘం ఎవరు? ఎక్కువ మంది మాల, మాదిగ పేటల్లోని వ్యవసాయ కూలీలు, పాలేర్లు. ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేనివారు. బడి గడప తొక్కనివారు. నిజాం రాజ్యపు పల్లెల్లో వెట్టి సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. దొర ముందు పేదవాడు తలవంచి బాంచన్ అనాలి. అంతకుమించి అతనికి ఇంకో మాట లేదు. అడగడానికి లేదు, కాదనడానికి లేదు.

అలాంటి మనిషి పొద్దంతా పొలంలో కష్టపడి రాత్రి దీపం వెలుగులో ప్రార్థనకు వచ్చి కూర్చుంటాడు. ఉపదేశి ఒక వాక్యం పలుకుతాడు. అతడు దాన్ని తిరిగి పలుకుతాడు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ఒక కీర్తన, నాలుగు జవాబులు... ఇలా రోజుకు కొంచెం చొప్పున అతని గుండెలో చేరతాయి. ఆదివారం నాడు అదే మనిషి తన భార్యాబిడ్డలతో నిలబడి సర్వసృష్టికర్తకు గొంతెత్తి జవాబు చెబుతాడు. తన తండ్రి అని దేవుణ్ణి పిలుస్తాడు. దొర ముందు ఒకే ఒక్క మాట తెలిసిన నోటికి దేవుని ముందు ఎన్ని మాటలు దొరికాయో చూడండి! ఆరాధనలో జవాబు అంటే కాలక్షేపం కాదు. పేదవాడికి దేవుడు ఇచ్చిన గౌరవం అది.

చదువు రానివారికి ఆరాధన క్రమం ఎందుకని కొందరు అనుకోవచ్చు. నిజానికి ఆ క్రమం వారికే ఎక్కువ అవసరం. పుస్తకం చదవగలిగినవాడు ఇంటికి వెళ్లి చదువుకుంటాడు. చదవలేనివాడికి నోటికి వచ్చిన మాటలే గ్రంథాలయం. ప్రతి వారం అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి గనుక అవి అతనివైపోతాయి. జ్వరంతో పడుకున్నప్పుడు, పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు, బిడ్డను పాతిపెట్టిన రాత్రి ఆ మాటలే అతని నోట ప్రార్థనగా వస్తాయి.

బైబిల్లో ఉన్న జవాబు

ఇది ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన ఆచారమని కొందరు విశ్వాసులు పొరబడతారు. వాక్యం ఏమంటుందో చూద్దాం. ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో లేవీయులు ఒక్కొక్క మాట పలకగానే ప్రజలందరూ ఆమేన్ అనాలని మోషే ఆజ్ఞాపించాడు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా దేవుణ్ణి స్తుతించగా ప్రజలు చేతులెత్తి రెండుసార్లు ఆమేన్ పలికారు. 136వ కీర్తనలో ప్రతి వచనం చివర దేవుని కృపను గురించిన ఒకే జవాబు తిరిగి తిరిగి వస్తుంది. ఒకరు పలుకగా అందరూ అందుకునే పద్ధతి లేకపోతే ఆ కీర్తనకు ఆ రూపమే ఉండదు.

అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఒక సూటి ప్రశ్న వేశాడు. నీవు అర్థం కాని మాటలతో స్తుతిస్తే, ఉపదేశం పొందనివాడు నీ స్తుతికి ఆమేన్ ఎలా చెప్పగలడు? గమనించండి, పౌలుకు బాధ కలిగించింది పండితుని ఆమేన్ కాదు, పామరుని ఆమేన్. ఆ సామాన్యుని జవాబు లోపిస్తే ఆరాధనలో లోపం ఉన్నట్లే లెక్క.

సుమారు క్రీ.శ. 112లో రోమా అధికారి ప్లీనీ తన చక్రవర్తికి పంపిన నివేదికలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవునిగా ఎంచి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ కీర్తిస్తారని రాశాడు. అదే శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే హతసాక్షి, కాపరి కృతజ్ఞతా ప్రార్థన ముగించగానే ప్రజలంతా ఆమేన్ అంటారని వివరించాడు. తర్వాతి కాలాల్లో పశ్చిమ దేశాల్లో ఆరాధన లాటిన్‌లో సాగడం వల్ల సామాన్యుని నోరు చాలావరకు మూతపడింది. సంస్కర్తలు ఆ నోటిని మళ్లీ తెరిచారు. 1549లో థామస్ క్రాన్మర్ నాయకత్వంలో ఇంగ్లండు ప్రజలకు సొంత భాషలో ప్రార్థన గ్రంథం వచ్చింది. 1784లో జాన్ వెస్లీ ఆ గ్రంథాన్నే కుదించి అమెరికాలోని మెథడిస్టులకు పంపాడు. తెలుగు నేలకు వచ్చిన ఆంగ్లికన్, వెస్లియన్ మిషనరీలు ఈ వారసత్వాన్నే తెచ్చారు.

తల మీద చెయ్యి

అజరయ్య గారు ఆ వారసత్వాన్ని గుడి గోడల మధ్యే ఉంచలేదు. ఆయన చేయించిన ఒక పని దోర్నకల్ చరిత్రలో నిలిచిపోయింది. పల్లెలకు వెళ్లినప్పుడు బాప్తిస్మం పొందినవారిని ఎవరి తల మీద వారే చెయ్యి పెట్టుకోమనేవారు. తర్వాత తాను చెప్పిన మాటను వారిచేత తిరిగి చెప్పించేవారు. తాము బాప్తిస్మం పొందినవారమని, సువార్త చెప్పకుండా ఊరుకుంటే తమకు శ్రమ తప్పదని దాని భావం. పౌలు తనను గురించి కొరింథీయులకు రాసుకున్న ఆ మాటను పాలేరు పలికాడు, నాట్లు వేసే ఆడపడుచు పలికింది, పశువులు కాసే పిల్లవాడు పలికాడు.

మన ప్రాంతంలో తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పిన మాటకు ఎంత బరువుంటుందో వేరే చెప్పాలా? అది ఒట్టుతో సమానం. బాప్తిస్మపు నీళ్లు పడిన చోటే చెయ్యి పెట్టించారు తండ్రిగారు. పేటలో పిలిస్తే పలకడానికి భయపడే మనిషిని అపొస్తలుని మాట పలికేవాడిగా నిలబెట్టారు. ఉత్తర ప్రత్యుత్తరాలకు ఆయన ఇచ్చిన అర్థం ఇక్కడ బయటపడుతుంది. గుడిలో పలికిన జవాబు గుడి బయట నడతగా మారాలి.

మారింది కూడా. తాగుడు మానేశారు. శుభ్రత నేర్చుకున్నారు. పిల్లలను బడికి పంపారు. వంట చేసే ప్రతిసారీ స్త్రీలు దేవుని పనికి పిడికెడు బియ్యం తీసిపెట్టారు. కడుపేదల సంఘం తన కాపరిని తానే పోషించుకోవడానికి ముందుకు వచ్చింది. క్రైస్తవుడు ఇవ్వవలసిన కానుకల గురించి అజరయ్య గారు ఒక పుస్తకమే రాశారు. 1930లలో ఈ కూలీల జీవితాల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి, ఆ ఊళ్లలోని రైతు కులాలవారు సైతం క్రీస్తు దగ్గరకు రావడం మొదలైంది. ప్రసంగం వినని చెవులకు పొరుగువాని బతుకు వినిపించింది.

ఆయన బిషప్ అయినప్పుడు ఆ చిన్న డయాసిస్‌లో భారతీయ గురువులు ఆరుగురు మాత్రమే. ఆయన జీవిత కాలంలోనే ఆ సంఖ్య వంద దాటింది. వారిలో అనేకులు ఆ పేటల్లో పుట్టినవారే. మొదట జవాబు చెప్పడం నేర్చుకున్న నోళ్లే తర్వాత ఆరాధన నడిపించాయి. 1941 నాటికి డయాసిస్‌లోని విశ్వాసుల సంఖ్య 2 లక్షలు దాటింది.

గుమ్మటాల కింద ఒకే స్వరం

1939 జనవరి 6న, జ్ఞానులకు క్రీస్తు ప్రత్యక్షమైన పండుగనాడు, దోర్నకల్ కెథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. చాలా ఏళ్లు పట్టింది దాని నిర్మాణం. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు, అన్నిటికీ పైన సిలువ. ఈ దేశపు శిల్పరీతులన్నీ క్రీస్తును స్తుతించాలన్న తండ్రిగారి కోరిక రాళ్లలో కనిపిస్తుంది. తెలుగు కీర్తనలను, పంట పండుగలను, మన పల్లెల జాతర వంటి కూటాలను కూడా ఆయన ఆరాధనలోకి ఆహ్వానించారు. ఇంగ్లండు నుంచి వచ్చిన క్రమం, తెలుగు గొంతు, మన నేల పండుగ. మూడూ కలిస్తే ప్రజలకు అది పరాయి పూజగా కాక తమ సొంత ఆరాధనగా తోచింది.

ఆ గుడిలో కులానికో చోటు లేదు. ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఒకే పాత్ర. ఒకే జవాబును అందరూ ఒకేసారి పలికినప్పుడు ఏది ఏ కులం గొంతో ఎవరు చెప్పగలరు? ఈనాటికీ కులాన్ని బట్టి కుర్చీలు, కులాన్ని బట్టి కమిటీలు చూసుకునే మన సంఘాలు ఈ సంగతిని మనసులో పెట్టుకోవాలి.

సంఘాలన్నీ ఏకం కావాలన్నది ఆయన మరో భారం. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల సేవకులు కూడి చేసిన ఐక్యతా ప్రకటనలో ఆయనది ముఖ్య పాత్ర. పేటలోని బీదవాడికి ఆంగ్లికన్, మెథడిస్టు అనే గోడలు ఎందుకన్నది ఆయన వేదన. పాతికేళ్లకు పైగా చర్చలు సాగాయి. ఆ ఫలం చూడకముందే 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

ఆ సంఘం 1950లో రూపొందించిన ప్రభురాత్రి భోజన సంస్కార క్రమం ప్రపంచ క్రైస్తవ లోకం దృష్టిని ఆకర్షించింది. కారణం ఏమిటో తెలుసా? అందులో ప్రజలకు ఇచ్చిన పాలు. ప్రార్థన మధ్యలో సంఘమంతా కలిసి పలికే జవాబులు, కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ఆరాధన నుంచి తీసుకున్న మాటలు, చేతి నుంచి చేతికి అందించుకునే సమాధానం. తండ్రిగారు ఆ క్రమాన్ని చూడలేదు. కాని ఆరాధన ప్రజలది అన్న ఆయన నమ్మకానికి అది చక్కని ప్రతిధ్వని.

మన మూడు ఊళ్లకు ఆయనతో చుట్టరికం ఉంది. అజరయ్య గారి కాలంలో కరీంనగర్ ప్రాంతం వెస్లియన్ మెథడిస్టుల సేవా క్షేత్రం. ఐక్యత తర్వాత ఇరువురి బిడ్డలూ ఒకే ఇంటివారయ్యారు. 1978లో దోర్నకల్ నుంచి వేరుపడి కరీంనగర్ డయాసిస్ ఏర్పడింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాలు ఆ పరిధిలోనివే. అంటే క్రాన్మర్, వెస్లీ, అజరయ్య ముగ్గురి ఆస్తికీ మనం వారసులం. ఆస్తిని అనుభవిస్తున్నామా, అటక మీద పడేశామా అన్నదే ప్రశ్న.

పెదవులా, హృదయమా?

ఒక అభ్యంతరం ఉంది. వారం వారం అవే మాటలు పలికితే అవి మొక్కుబడి అయిపోవా? అవుతాయి. పెదవులతో ఘనపరుస్తూ హృదయంతో దూరమైన ప్రజలను గురించి యెషయా 29వ అధ్యాయంలో దేవుడే బాధపడ్డాడు. అయితే దానికి మందు పెదవులు మూయడం కాదు, హృదయాన్ని తెరవడం. రోజూ తినే అన్నం రుచించడం లేదని ఎవరూ వంట మానేయరు. ఆకలి ఎందుకు చచ్చిందో వెతుక్కుంటారు. క్రమం లేని ప్రార్థనలోనూ మొక్కుబడి చొరబడుతుంది. అక్కడ కూడా అవే మాటలు తిరుగుతుంటాయని నిజాయితీగా ఆలోచిస్తే అందరికీ తెలుస్తుంది.

పుస్తకం లేకుండా ఆరాధించే బాప్టిస్టు, పెంతెకొస్తు సహోదరులను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ప్రార్థన మధ్యలో సంఘమంతా బిగ్గరగా ఆమేన్, హల్లెలూయా అన్నప్పుడు అక్కడా నాడె తిరిగి వస్తోంది. ఏ పద్ధతి అయినా పరీక్ష ఒక్కటే. వెనుక వరుసలో కూర్చున్న చదువురాని తల్లికి ఈ ఆరాధనలో పలకడానికి ఒక మాట ఉందా, లేదా?

తోటి సేవకులకు, సంఘ పెద్దలకు మా విన్నపాలు కొన్ని. జవాబు చదివేటప్పుడు మైకు గొంతు తగ్గించండి, ప్రజల గొంతు వారికే వినపడనివ్వండి. తెర మీద అక్షరాలు వేస్తే చాలనుకోకండి. చదవలేనివారికి, చూపు ఆనని వృద్ధులకు తెర వల్ల ఉపయోగం లేదు. నెలకు ఒక కీర్తననైనా, రెండు మూడు జవాబులనైనా అందరికీ కంఠతా వచ్చేలా నేర్పండి. తండ్రిగారి ఉపదేశులు దీపం వెలుగులో చేసిన పనిని మనం కరెంటు వెలుగులో చేయలేమా? పలికే మాటకు అర్థం రెండు నిమిషాలు వివరించండి. సండే స్కూలు పిల్లలకు ఒక భాగం, స్త్రీలకు ఒక భాగం ఇవ్వండి.

కుటుంబ ప్రార్థనలోనూ దీన్ని మొదలుపెట్టండి. మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, తల్లి బీడీలు చుడుతూ బిడ్డలను పెంచుతుంది. సిరిసిల్లలో సాంచాల దగ్గర రాత్రి షిఫ్టు చేసే తండ్రులున్నారు. వారికి పొడవైన ప్రార్థనలకు తీరిక ఉండకపోవచ్చు. తల్లి ఒక వచనం, పిల్లలు ఒక వచనం. ఐదు నిమిషాలు చాలు. దూర దేశంలో ఉన్న తండ్రి ఫోనులో తన వంతు వచనం చదివితే ఆ ఇల్లు ఆ కాసేపు ఒక్కటవుతుంది.

అన్నిటికీ మించి, తల మీద చెయ్యి పెట్టుకుని ఆలోచిద్దాం. ఆదివారం మనం పలికిన జవాబుకు సోమవారం మన బతుకు సాక్ష్యం చెబుతోందా? దేవుని కృప నిత్యమైనదని గుడిలో పలికి, అప్పు తీర్చలేని పొరుగువాని మీద కనికరం లేకుండా ఉంటే ఆ జవాబు సగమే పలికినట్లు.

మొదట చెప్పిన అవ్వ సంగతి. ఆమె తప్పేమీ లేదని, తప్పు మాదేనని ఆ రోజే చెప్పాం. తర్వాతి ఆదివారం నుంచి ఉత్తర ప్రత్యుత్తర పఠనం మళ్లీ మొదలైంది. అందరూ ముగించిన తర్వాత ఒక క్షణం ఆలస్యంగా ఆమె ఆమేన్ వినిపించేది. ఇదివరకు ఆ ఆమేన్ కోసం ఆగకుండా మేము తర్వాతి భాగానికి వెళ్లిపోయేవాళ్లం. ఆనాటి నుంచి ఆగడం నేర్చుకున్నాం. ఆమె ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉంది. ఈనాటికీ ప్రార్థన ముగించాక మేము ఒక క్షణం ఆగుతాం. ఏ సంఘంలోనైనా ఆలస్యంగా ఆమేన్ చెప్పేవారు ఒకరైనా ఉంటారు. దేవుడు వారి కోసం ఆగుతాడు. ఆయన సేవకులు కూడా ఆగాలి.